ఆఖరి ఓటు ఎవరి చేతిలో?

బిగ్‌బాస్ ఇంట్లో నామినేషన్ల రోజు, అంటే ఎవరిని బయటికి పంపాలో తోటివాళ్లే పేర్లు చెప్పే రోజు వచ్చిందంటే తప్పకుండా వినిపించే ఆరోపణ ఒకటుంది: ‘నువ్వు గేమ్ ఆడుతున్నావ్’. దానికి తోడబుట్టిన మాటలు ఇంకొన్ని ఉన్నాయి. సేఫ్ గేమ్, గ్రూప్ గేమ్, మాస్క్ వేసుకున్నావ్, అదంతా ఫేక్ బాండింగ్. ఆ మాట పడ్డవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుని ‘లేదు, నేను నాలాగే ఉన్నాను’ అని సంజాయిషీ ఇచ్చుకుంటారు. లక్షల రూపాయల బహుమతి ఉన్న పోటీకి గెలవాలని వెళ్లిన మనిషి, ఆట ఆడినందుకు తలదించుకోవాల్సి వస్తోంది. పేకాటలో చేతిలోని ముక్కలు దాచుకున్నాడని ఎవరినీ మోసగాడనం. పులిజూదంలో మేకలన్నీ కలిసి పులిని కట్టేస్తే కుట్ర అనం. టీవీ పోటీలో జట్టుకట్టినవాళ్లను మాత్రం సీజన్ అయిపోయి నెలలు గడిచినా వదలడం లేదు. వాళ్ల ఇంట్లోవాళ్లనూ వదలడం లేదు. ఇది అన్యాయమని ఈ పత్రిక అభిప్రాయం. ఈ అన్యాయానికి ప్రేక్షకుల ఆవేశం ఒక్కటే కారణం కాదు. ఆటను అమర్చిన తీరులోనే లోపముంది.

ఆ లోపం ఎక్కడుందో తెలియాలంటే 2000 ఆగస్టుకు వెళ్లాలి. ఆ నెలలో వారం తేడాతో రెండు సంఘటనలు జరిగాయి. మన బిగ్‌బాస్‌కు మూలమైన బిగ్‌బ్రదర్ ఆటను బ్రిటన్‌లో చానల్ 4 ప్రసారం చేసిన తొలి సీజన్‌లో నిక్ బేట్‌మన్ అనే పోటీదారు కాగితం ముక్కల మీద పేర్లు రాసి, ఎవరిని నామినేట్ చేయాలో తోటివాళ్లకు చూపిస్తూ దొరికిపోయాడు. ఆ ఇంట్లో నామినేషన్ల గురించి మాట్లాడుకోవడమే నిషేధం. క్రెయిగ్ ఫిలిప్స్ అనే తోటి పోటీదారు అందరినీ కూర్చోబెట్టి అతన్ని నిలదీశాడు. నిర్వాహకులు బయటికి పంపేశారు. పత్రికలు ‘నాస్టీ నిక్’ అని పేరు పెట్టాయి. ఆ సీజన్ గెలిచిన క్రెయిగ్, తనకొచ్చిన 70,000 పౌండ్లను డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక స్నేహితురాలి గుండె, ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఇచ్చేశాడు.

అదే నెల 23న అమెరికాలో సీబీఎస్ చానల్ ‘సర్వైవర్’ తొలి సీజన్ ఫైనల్ ప్రసారం చేసింది. ఒక దీవిలో ఉండే పోటీదారులే ఓట్లేసి ఒకరినొకరు ఇంటికి పంపుకునే ఆట అది. 5 కోట్ల మందికి పైగా చూశారు. బ్రిటన్‌లో ఏ పని చేసి నిక్ ఇంటిబాట పట్టాడో, ఇక్కడ అదే పని చేసి రిచర్డ్ హాచ్ 10 లక్షల డాలర్లు గెలిచాడు.

మలేసియాలోని సబా తీరం దగ్గర పులావ్ టీగా అనే చిన్న దీవి. 16 మంది, రెండు జట్లు, 39 రోజులు. హాచ్ మొదట్లోనే ముగ్గురిని కూడగట్టాడు: ట్రక్కు నడిపే సూ హాక్, కెల్లీ విగిల్స్‌వర్త్, అమెరికా నేవీ సీల్స్‌లో పనిచేసి రిటైరైన 72 ఏళ్ల రూడీ బోష్. నలుగురి ఓటూ ఒకే పేరు మీద పడాలి, అంతే ఒప్పందం. ఎదుటి జట్టులో ఎక్కువమందికి ఇలా మాట్లాడుకుని ఓటేయడం నచ్చలేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు వేశారు. రెండు జట్లూ కలిశాక పదిమంది ఓటేసిన తొలి రాత్రి, ఆరు ఓట్లు ఆరుగురి మీద చెదిరిపోయాయి. నాలుగు ఓట్లు ఒకే చోట పడ్డాయి. అందరూ ఇష్టపడే గ్రెచెన్ కోర్డీ అనే ఆమె ఆ నాలుగు ఓట్లతోనే వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ జట్టువాళ్లు ఒకరి వెనక ఒకరు ఇంటికెళ్లారు. హాచ్ అబద్ధాలు చెప్పి ఉండొచ్చు, కానీ లెక్క మాత్రం బహిరంగంగానే ఉంది. పదిమందిలో నలుగురు కలిసి ఉంటే, మిగిలిన ఆరుగురు కలవకపోతే ఏమవుతుందో చిన్నపిల్లాడైనా చెప్పగలడు.

చివరికి ముగ్గురు మిగిలారు: హాచ్, కెల్లీ, రూడీ. కర్రస్తంభం మీద చెయ్యి తీయకుండా నిలబడాలి. గెలిచినవాళ్లు మిగతా ఇద్దరిలో ఒకరిని పంపేస్తారు. హాచ్ తనంతట తనే చెయ్యి తీసేశాడు. తను గెలిస్తే రూడీని పంపక తప్పదు, ఎందుకంటే అందరి అభిమానం ఉన్న రూడీతో ఫైనల్ ఆడితే ఓడిపోతాడు. పంపితే మాట తప్పినట్టు, రూడీ ఓటు పోయినట్టు. కెల్లీ గెలిచి రూడీని పంపితే ఆ పాపం తనకు అంటదు. సరిగ్గా అలాగే జరిగింది. ఇన్నేళ్ల రియాలిటీ పోటీల్లో ఇంతకన్నా తెలివైన ఎత్తు మాకు కనిపించలేదు.

ఇంత లెక్క ఎందుకు వేయాల్సి వచ్చిందన్నదే ఇక్కడ అసలు విషయం. ఆఖరి తీర్పు ప్రేక్షకులది కాదు. ఓడి వెళ్లిపోయినవాళ్లలో ఏడుగురు జ్యూరీగా తిరిగొచ్చి ఎదురుగా కూర్చుంటారు. నువ్వు ఎవరిని దెబ్బకొట్టావో వాళ్లే నిన్ను గెలిపించాలి. ఆ రాత్రి సూ హాక్ లేచి నిలబడి హాచ్‌ను పాము అంది, ఒకప్పుడు తన ప్రాణస్నేహితురాలైన కెల్లీని ఎలుక అంది. పాము ఎలుకను తినడం ప్రకృతి ధర్మమంటూ హాచ్‌కే ఓటేసింది. రూడీ కూడా ఇచ్చిన మాట ప్రకారం హాచ్‌కే వేశాడు. 4-3 తేడాతో హాచ్ గెలిచాడు. సూ మాటలు వినడానికి కష్టంగా ఉంటాయి. కానీ ఆమె కడుపులో మంటంతా అక్కడే, ఆ మనుషుల ముందే బయటపడింది. బయటివాళ్లెవరూ ఆమె తరఫున కక్ష తీర్చుకోవాల్సిన అవసరం లేకపోయింది.

జ్యూరీ అంటే మెత్తనివాళ్లు అనుకోవద్దు. రసెల్ హాంట్జ్ అనే ఆటగాడు 2009లో, మళ్లీ 2010లో ఎదుటివాళ్లను చిత్తు చేస్తూ ఫైనల్ దాకా వెళ్లాడు. తోటివాళ్లను పురుగుల్లా చూసిన ఫలితం రెండుసార్లూ ఓటమే. రెండోసారి ఒక్క ఓటూ రాలేదు. జట్టు మార్చినా ఫరవాలేదు, మనిషిని చులకన చేయకూడదన్న నియమాన్ని ఏ రూల్‌బుక్కూ రాయలేదు. ఓటు ఎవరి చేతిలో ఉందన్న ఏర్పాటే దాన్ని తెచ్చింది.

మన దగ్గరికి 2017లో జూనియర్ ఎన్టీఆర్ హోస్టుగా, లోనావాలాలో వేసిన సెట్‌తో వచ్చింది బ్రిటన్ పద్ధతి ఆట. నామినేషన్ల గురించి ముందే మాట్లాడుకోకూడదు. ఆఖరి ఓటు ప్రేక్షకులది. ఇరవైమంది దాకా మనుషులను నెలల తరబడి ఒకే ఇంట్లో పెట్టి, వారం వారం ఒకరిని పంపుతామని చెప్పి, జట్టుకట్టొద్దంటే ఎలా కుదురుతుంది? జట్లు కడుతూనే ఉంటారు, దొంగచాటుగా. చూసేవాళ్లకు 24 గంటల్లోంచి ఎంచి, అతికించి ఇచ్చిన గంటా గంటన్నర కనిపిస్తుంది. దానికి నేపథ్య సంగీతం కూడా తోడు. అందులో ఒక జట్టు స్నేహంలా కనిపిస్తే ఇంకో జట్టు కుట్రలా కనిపిస్తుంది.

దీని ఫలితం 2018లో రెండో సీజన్‌లోనే తెలిసింది. ఇంట్లో ఎక్కువమంది ఒకవైపు, కౌశల్ మండా ఒకవైపు. వాళ్లు నామినేట్ చేసిన కొద్దీ ఆయనకు బయట బలం పెరిగింది. కౌశల్ ఆర్మీ పుట్టింది. హైదరాబాద్‌లో ఆయన కోసం 2కె వాక్ చేశారు. ఆయనే గెలిచారు. ఆయన గెలుపును మేం తప్పుపట్టడం లేదు, ఉన్న నిబంధనల్లో గెలిచారు. కానీ ఆ సీజన్ నుంచి పోటీదారులు ఒక పాఠం నేర్చుకున్నారు. పక్కవాడి నమ్మకం కన్నా కెమెరా జాలి విలువైనది. అప్పుడిక దెబ్బతిన్న మనిషికి న్యాయం చేసే చోటు ఇంట్లో లేకుండా పోయింది. ఆ పని అభిమానులు నెత్తికెత్తుకున్నారు. అదే సీజన్‌లో హోస్టు నానికి కూడా ట్రోలింగ్ తప్పలేదు.

2023 డిసెంబరు 17 రాత్రి సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఏడో సీజన్‌లో ఇంట్లో రెండు జట్లు స్పష్టంగా ఉన్నాయి. శివాజీ, ప్రశాంత్, యావర్ ఒకవైపు. శోభ, ప్రియాంక, అమర్‌దీప్ ఇంకోవైపు. మూడున్నర నెలల ఆటలో పోగైన కసి అన్నపూర్ణ స్టూడియోస్ గేటు బయట కాచుకుని ఉంది. రన్నరప్‌గా బయటికొచ్చిన అమర్‌దీప్ కారు అద్దాలు పగలగొట్టారు, లోపల ఆయన కుటుంబసభ్యులు ఉండగానే. ఆర్టీసీ బస్సుల మీద రాళ్లు పడ్డాయి. ఆ బస్సుల్లో డ్యూటీ దిగి ఇళ్లకు పోయేవాళ్లు ఉంటారు, వాళ్లకు ఈ ఆటతో ఏం సంబంధం? విజేత ప్రశాంత్ కూడా అరెస్టై, బెయిలు మీద బయటికి రావాల్సి వచ్చింది. ‘వెన్నుపోటు’ తెలుగువాళ్లకు చిన్న మాట కాదు, 1995 తర్వాత అది మన రాజకీయాల్లోంచి పోనే లేదు. అంత బరువున్న మాటను ఒక టాస్క్‌లో బంతి ఎవరికి ఇచ్చారన్నదానికి తగిలించి, వారాల తరబడి ప్రోమోల్లో తిప్పితే ఇలాంటి రాత్రులు వస్తాయి.

అలాగని ఆటలో ఏం చేసినా సరేనని మేం అనడం లేదు. ‘ఈ వారం నీకు వేయను’ అని చెప్పి వేయడం ఆట. 2003లో సర్వైవర్ ఆడిన జానీ ఫెయిర్‌ప్లే, తన బామ్మ చనిపోయిందని స్నేహితుడితో కబురు తెప్పించి ఏడ్చి తోటివాళ్ల జాలి సంపాదించాడు. ఆమె ఇంట్లో నిక్షేపంగా ఉంది. ఇది ఆట కాదు, చావును అడ్డం పెట్టుకోవడం. 2017లో ఇంకొక ఆటగాడు తనను తను కాపాడుకోడానికి తోటి పోటీదారు ట్రాన్స్‌జెండర్ అన్న సంగతిని అందరి ముందూ బయటపెట్టాడు. ఓట్లు వేయించకుండానే, అక్కడున్న అందరి ఏకాభిప్రాయంతో అతన్ని అప్పటికప్పుడు పంపేశారు. ఇంట్లోకి అడుగుపెట్టకముందు ఉన్న జీవితం జోలికి పోవద్దన్నదే మేం గీసే గీత. మన నామినేషన్లలో పెళ్లి గురించి, పుట్టిన ఊరి గురించి, తల్లిదండ్రుల గురించి మాటలు దొర్లినప్పుడల్లా ఆ గీత దాటుతున్నట్టే. వారాంతంలో హోస్టు దానికి చివాట్లు పెట్టాలి, జట్టుకట్టినందుకు కాదు.

ఇటీవలి ఏళ్లలో ఓటీటీలో ఇంకో రకం ఆట జనానికి అలవాటైంది. నెదర్లాండ్స్‌లో 2021లో మొదలైన ‘ద ట్రెయిటర్స్’ హిందీ రూపాన్ని 2025లో కరణ్ జోహార్ హోస్టుగా జైసల్మేర్ కోటలాంటి హోటల్లో తీశారు. మన మంచు లక్ష్మి కూడా అందులో ఆడారు. కొందరు ద్రోహులుగా ఉండి అబద్ధాలే చెబుతారని మొదటి రోజే అందరికీ తెలుసు. 2024లో ఇదే ఆట బ్రిటన్ రూపం ఫైనల్‌లో మోలీ అనే యువతి తనను నమ్మించిన ద్రోహి హ్యారీ పేరు పక్కన పెట్టి, నిజం చెబుతున్న ఇంకొకరిని పంపేసింది. మొత్తం 95,150 పౌండ్లూ హ్యారీకి వెళ్లాయి. ఆమె ఏడుస్తూ లేచి వెళ్లిన దృశ్యం చూసి మనసు పిండేసినట్టయింది. అయినా అది నిబంధన ప్రకారం జరిగిందని ఆమెకూ తెలుసు, చూసినవాళ్లకూ తెలుసు.

స్టార్ మా యాజమాన్యాన్ని, నిర్మాతలను మేం కోరేది మూడు పనులు. నామినేషన్ల గురించి మాట్లాడుకోవద్దన్న నిబంధనను ఎత్తేయండి. పొత్తులు ఎలాగూ ఉంటాయి, వెలుతురులో ఉండనివ్వండి. ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో వారం వారం అంకెలతో చెప్పండి, అనుమానాలకు తావుండదు. ఫైనల్ రోజున డ్యాన్సులకు ఇచ్చే సమయంలో ఒక్క గంట ఎలిమినేట్ అయినవాళ్లకు ఇవ్వండి. ఆఖరి ఓట్లలో కొంత వాటా వాళ్ల చేతిలో పెట్టి, ఫైనలిస్టులను ఎదురుగా కూర్చోబెట్టండి. ఆ రోజు నాకెందుకు అబద్ధం చెప్పావని అడిగే హక్కు, సమాధానం విని ఓటేయాలో వద్దో తేల్చుకునే హక్కు వాళ్లది. ఆ కుర్చీలు గేటు లోపలే వేయండి.