ఇంకో ఆరేళ్లు

(కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక ఆదివారం. పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది. కాబర్నే, మెర్లో, పెటీ వెర్డో అనే ద్రాక్ష రకాలు కలిపి చేసిన ఎర్ర వైన్ (రెడ్ బ్లెండ్) సీసా ఒకటి గరాజ్‌లోంచి తెచ్చి బావమరిది కార్క్ తీయబోతున్నాడు.)

బావ: అది ముట్టుకోకు. ఇంకో ఆరేళ్లు ఆగాలి. ఇప్పుడు తాగితే పచ్చి నేరేడుపండు తిన్నట్టు నాలుక పట్టేస్తుంది.

బావమరిది: జగ్గులో పోసి రెండు గంటలు ఉంచితే ఆ వగరు తగ్గుతుంది కదా బావా.

బావ: గాలి తగిలి వాసన విచ్చుకుంటుంది, వగరు కాస్త మెత్తబడినట్టు ఉంటుంది. అంతే. సీసాలో జరిగేది వేరురా. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వచ్చిన టానిన్లూ, అంటే ఆ వగరిచ్చే పదార్థాలూ, ఆ ఎర్ర రంగూ ఒకదానితో ఒకటి ముడిపడతాయి. మరీ పెద్దవైతే మడ్డిగా అడుక్కి దిగుతాయి. అందుకే నేరేడు రంగు కాస్తా ఏళ్లు గడిచేకొద్దీ అంచుల్లో ఇటుక రంగుకి తిరుగుతుంది. పండు వాసన వెనక్కి తగ్గి దేవదారు చెక్క, చుట్ట పొగాకు, వాన పడ్డ మట్టి పైకొస్తాయి. ఇక బ్లెండ్ అంటావా, ఈ వగరు కాబర్నేది, ఈ మెత్తదనం మెర్లోది, ఈ చిక్కటి రంగు పెటీ వెర్డోది అని ఇప్పుడైతే చెప్పొచ్చు. పదేళ్లాగి చెప్పు చూద్దాం!

బావమరిది: పొగాకు వాసన కోసం పదేళ్లా? తాతయ్య చుట్టల పెట్టె తెరిస్తే చాలు.

బావ: పాత బియ్యానికి ఎక్కువ డబ్బు పెట్టే ఇంట్లో పుట్టి నువ్వా ఈ మాటనేది?

బావమరిది: అన్నం పొడిపొడిగా వస్తుందని పెడతాం, పాతదని కాదు. పాత చింతపండని నల్లటిది తెచ్చి మీరు పులుసు పెట్టినప్పుడు అక్క ఏమందో గుర్తుందా?

బావ: రంగు చూసి అంది. రుచి బాగానే ఉంది.

బావమరిది: తిన్నది మీరొక్కరే.

బావ: సరే, అది వదిలెయ్. 1976లో పారిస్‌లో ఫ్రెంచివాళ్లు లేబుల్ చూడకుండా తమ వైన్లూ కాలిఫోర్నియా వైన్లూ రుచి చూస్తే కాలిఫోర్నియా గెలిచింది. నిలవ ఉంటే మావే మేలని వాళ్లు సర్దిచెప్పుకున్నారు. 30 ఏళ్లకి, 2006లో, అవే ఎర్ర వైన్లు మళ్లీ పెడితే మొదటి ఐదూ కాలిఫోర్నియావే! మన కుపర్టినో పైన కొండ మీద చేసే రిడ్జ్ మాంటెబెల్లో, 1971 పంటది, ముందు 5వది, ఈసారి మొదటిది. ఐదేళ్ల వయసులో దొరకనిది 35 ఏళ్లకి దొరికింది.

బావమరిది: ఆ జాబితా కిందికీ చదవండి. ఫ్రాన్స్‌లోని బోర్డో బ్లెండ్ మూటాన్, 1970 పంటది, రెండులోంచి ఆరుకి దిగింది. ఆగింది రెండూ ఒకేలా, ఒకటి ఎక్కింది, ఒకటి జారింది. పైగా అవి పేరున్న సీసాలు. అలాంటివి 13 డిగ్రీల దగ్గర కదలకుండా పడుకోవాలి. మీది గరాజ్. జులైలో అక్కడ కొబ్బరినూనె నీళ్లలా ఉంది. ఆ వేడికి వైన్ ఊరుతుందా, ఉడుకుతుందా?

(ఇది రాస్తున్న నేను బావ పక్షమే. కానీ ఈ గరాజ్ మాటకి ఆయన దగ్గర జవాబు లేదు.)

బావ: వైన్ ఫ్రిజ్ కొంటాను. అయినా ఊరికే ఆరు సీసాలు కొన్నానా? ఏడాది విడిచి ఏడాది ఒక్కోటి తీస్తే ఎటు పోతోందో తెలుస్తుంది.

బావమరిది: కొని నాలుగేళ్లయింది. ఎన్ని తీశారు?

బావ: ...

బావమరిది: బావా?

బావ: జగ్గు పై అరలో ఉంది.