జేబులో కాకరకాయ

మా వాడికి పద్నాలుగు నెలలు. నోట్లో ఎనిమిది పళ్లు. ఆ ఎనిమిదింటితో వాడు తినని పదార్థం నెల్లూరు జిల్లాలో దొరకడం కష్టం. బీరకాయ, పొట్లకాయ, గోంగూర, మునగాకు పప్పు, ముల్లు తీసిన కొరమీను, చేపల పులుసులో నానిన మామిడి ముక్క, ఏది పెట్టినా మొదట మొహం చిట్లిస్తాడు, ఆ వెంటనే ఇంకా కావాలని చెయ్యి చాస్తాడు. ఆరో నెల అన్నప్రాసనలోనే వాడి తత్త్వం బయటపడింది. ముందు పుస్తకం, కలం, బంగారం, డబ్బు, పూలు పేర్చి పెడితే, బోర్లాపడి వాటన్నిటి మీదుగా దేక్కుంటూ పోయి పక్కనున్న పాయసం గిన్నెలో చెయ్యి పెట్టాడు. పురోహితుడు కాసేపు ఆలోచించి, "అన్నదాత అవుతాడు" అన్నారు. ఆయనకు దక్షిణ ఇంకా ముట్టలేదు మరి.

పిల్లలు అన్నం ముద్ద చూడగానే పారిపోయే ఇళ్లవాళ్లు మా ఇంటికొచ్చి రహస్యం ఏమిటని మా ఆవిడను అడుగుతుంటారు. ఆవిడ నోరు తెరిచేలోపే నేను అందుకుంటాను. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. తర్వాత మెత్తటి అన్నం, పప్పు, కూరలు. ఏడాది దాకా ఉప్పు, చక్కెర వద్దు, తేనె చుక్క కూడా నాలుక మీద వేయవద్దు. ఒకసారి ఉమ్మేశాడని ఆ కూరను వదిలేయకూడదు. ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేను సార్లు పెడితే గాని కొత్త రుచి పిల్లలకు అలవాటు కాదు. ఇంట్లో అందరూ వాడితో కలిసి కూర్చుని అదే కూర తినాలి.

ఆ చివరి వాక్యం దగ్గర నా గొంతు కొంచెం తగ్గుతుంది. నేను తినే కూరలు నాలుగే. బంగాళదుంప, బెండకాయ వేపుడు, లేత వంకాయ, దోసకాయ పప్పు. ఐదోది కనిపిస్తే నాకు ఆకలి లేదని గుర్తొస్తుంది. ఇక కాకరకాయ సంగతి చెప్పనే అక్కరలేదు. కానీ చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని చుట్టూనే ఉంది.

మా అత్తగారిది ఉలవపాడు. మామిడికీ సపోటాకీ పేరున్న ఊరు. నాకు పిల్లనిచ్చినప్పుడు అది ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. జిల్లా మారింది గాని అత్తయ్య వంట మారలేదు. పెళ్లయిన కొత్తలో మొదటి సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆవిడ కాకరకాయలను చక్రాల్లా తరిగి, కరకరలాడేలా వేయించి, వెల్లుల్లి కారం చల్లి విస్తట్లో వేశారు. కొత్త అల్లుడిని కదా, ఒక చక్రాన్ని నమలకుండా మింగి, "అద్భుతం అత్తయ్యా" అన్నాను. ఆరేళ్లుగా ఆ ఒక్క మాటకు శిక్ష అనుభవిస్తున్నాను. నేను వస్తున్నానని తెలిస్తే చాలు, ఉలవపాడు సంతలో కాకరకాయల ధర పెరుగుతుందని నా అనుమానం.

మొదట్లో కరివేపాకు కింద దాచేవాణ్ణి. తర్వాత కిటికీలోంచి వీధి కుక్కకు వేశాను. అది వాసన చూసి, నా వైపు ఒకసారి చూసి, వెళ్లిపోయింది. చివరికి కుదిరిన పద్ధతి రుమాలు. చక్రాలను ఒక్కొక్కటిగా రుమాల్లోకి, రుమాలును చొక్కా జేబులోకి, చెయ్యి కడుక్కునే మిషతో పెరట్లోకి వెళ్లి సపోటా చెట్టు మొదట్లోకి. ఆరేళ్లలో ఆ చెట్టుకు ఎంత కాకరకాయ పెట్టానో లెక్క లేదు. కాయలు ఇప్పటికీ తియ్యగానే ఉన్నాయి. చెట్ల సహనం గొప్పది.

మా ఆవిడ పురిటికి పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ అమ్మ చేతి కాకరకాయ కావాలని అడిగి మరీ తిన్నది. కడుపులో ఉన్నప్పుడు ఉమ్మనీటి ద్వారా, పుట్టాక పాల ద్వారా తల్లి తిన్నవాటి రుచి బిడ్డకు తెలుస్తుందట. 2001లో ఫిలడెల్ఫియా శాస్త్రవేత్తలు తల్లులకు క్యారెట్ రసం తాగించి మరీ దీన్ని తేల్చారు. క్యారెట్‌తో ఎవరైనా చేస్తారు. కాకరకాయతో చేసిన ప్రయోగం మా ఇంట్లో ఉంది.

మొన్న వేసవిలో మామిడికాయలు తెచ్చుకుందామని వెళ్లాం. మధ్యాహ్నం అందరం నేల మీద బారుగా కూర్చున్నాం. మా వాడు నా ఒళ్లో ఉన్నాడు. వాడికి విడిగా కారం లేని ముక్కలు నేతి అన్నంలో కలిపి పెట్టి, నాకు దోసెడు వేపుడు వడ్డించారు అత్తయ్య. నేను పని మొదలుపెట్టాను. ఆరు చక్రాలు రుమాల్లోకి చేరాయి. ఏడోదానికి చెయ్యి వేయబోతుంటే జేబు దగ్గర ఏదో కదిలింది.

మామూలుగా వాడు ఆ జేబులో కలం కోసం వెతుకుతాడు. ఈసారి నూనె అంటిన రుమాలు చివర పట్టుకుని లాగాడు. ఒక చక్రం బయటికి వచ్చింది. నోట్లో పెట్టుకున్నాడు. కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు ఎర్రబడింది. అయినా మళ్లీ జేబులో చెయ్యి పెట్టి ఇంకొకటి తీశాడు.

"తాతా, బాబు మామయ్య జేబులో కూర తీసుకుంటున్నాడు!" అని మా బావమరిది కూతురు అరిచింది. బారు మొత్తం నా వైపు తిరిగింది. అత్తయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"అల్లుడుగారూ, అది..."

"దారిలో తిందామని దాచుకున్నాను అత్తయ్యా."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. అత్తయ్య కళ్లు చెమర్చాయి. "అడిగితే నేను పెట్టనా బాబూ, ఇలా జేబులో దాచుకోవాలా?" అంటూ వంటింట్లోకి వెళ్లారు. మా మామగారు మాత్రం నా వైపు అదోలా చూసి మజ్జిగ కలుపుకున్నారు. ఆయన ఆకు మడత కింద కూడా నాలుగు చక్రాలు ఉన్న సంగతి నేను అప్పుడే గమనించాను. మర్యాద తెలిసిన మనిషిని కనుక ఏమీ అనలేదు.

సాయంత్రం బస్సెక్కేటప్పుడు బంగినపల్లి మామిడి బుట్టతో పాటు రెండు లీటర్ల స్టీలు డబ్బా ఒకటి నా చేతికి వచ్చింది. మా ఆవిడ కావలి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. కావలిలో బస్సు ఆగగానే డబ్బా మూత తీసి నా ఒళ్లో పెట్టింది.

"దారిలో తింటానన్నారుగా, తినండి."

ఒకటి నోట్లో పెట్టుకుని కిటికీలోంచి ఉమ్మేశాను.

"ఏమండీ, ఒకసారి ఉమ్మేశారని వదిలేయకూడదు. ఎనిమిది పది సార్లు పెట్టి చూడాలని ఊరందరికీ చెబుతారుగా," అంటూ ఇంకొకటి అందించింది.

కోవూరు వచ్చేసరికి ఐదోసారి అయింది. పెన్నా వంతెన మీద ఏడోసారి. మా వాడు నా నోటి వైపే కళ్లార్పకుండా చూస్తూ డబ్బా మూత నాకుతున్నాడు.