సాంబారు బండి

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకు రాజమండ్రిలో, మా అత్తగారింటి మేడ గదిలో కూర్చుని ఒక పరీక్ష తప్పాను. సబ్జెక్టు నేనే.

డాలస్ దగ్గరి ఇల్లు అమ్ముతున్నాం. మామగారి కంటి ఆపరేషనుకని వచ్చి ఇక్కడే ఉండిపోయాం. సంతకాల కోసం విమానం ఎక్కనక్కర్లేదు, టెక్సస్‌లో 2018 జూలై నుంచి ఆన్‌లైన్ నోటరీ చెల్లుతుంది, నోటరీ టెక్సస్‌లో ఉంటే చాలు, మీరెక్కడున్నా ఫరవాలేదు అన్నారు ఇంటి అమ్మకం కాగితాలు చూసే టైటిల్ కంపెనీ వాళ్లు. అక్కడ ఉదయం పదకొండు గంటలకు ముహూర్తం పెట్టారు. డ్రైవింగ్ లైసెన్సును ముందూ వెనకా ఫొటో తీసి పంపడం, ట్యూబ్‌లైటు వెలుగు పడిందని అది నాలుగుసార్లు వెనక్కి రావడం, ఆ గొడవంతా వదిలేయండి. నా గొడవ ప్రశ్నపత్రంతో.

అయిదు ప్రశ్నలు. ఒక్కోదానికి అయిదు జవాబులు. మొత్తానికి రెండు నిమిషాలు. నాలుగు ఒప్పయితే నేను నేనే. పాత చిరునామాలు, అప్పుల ఖాతాలు, బండ్ల రిజిస్ట్రేషన్లు తవ్వి తీసి కంప్యూటరే అడుగుతుంది. మొదటి రెండూ బాగానే నడిచాయి. మూడోది వచ్చింది: ‘2009లో కింది వాహనాల్లో ఏది మీ పేరుతో ముడిపడి ఉంది?’ 1998 కామ్రీ, 1999 అకార్డ్, 2000 కరోలా, 1997 సివిక్, పైవేవీ కావు.

ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చదివే రోజులు. అపార్ట్‌మెంట్‌లో అయిదుగురం, అందరికీ కలిపి ఒక్కటే కారు. చదువు ముగించి వెళ్లిపోతున్న సీనియర్ దగ్గర కొన్నాం, మేం వెళ్లేటప్పుడు జూనియర్‌కు అమ్మాం. అంతకు ముందు ఎన్ని చేతులు మారిందో ఆ భగవంతుడికీ, ఈ ప్రశ్నపత్రం తయారుచేసినవాడికీ తెలియాలి. ఆ కారు గురించి నాకు తెలియనిది లేదు. రంగు ఆకుపచ్చ. వెనక సీటు కింద ఎప్పుడూ ఎవరిదో ఒక చెప్పు ఉండేది. తలా ఒక వంటకం తెచ్చే ఉగాది పాట్‌లక్‌కు వెళ్తుంటే కూకట్‌పల్లి వాడి ఒళ్లోని కుక్కరు ఒరిగిపోయి మూడు లీటర్ల మునక్కాడల సాంబారు వెనక సీటు పాలైంది. టెక్సస్ ఎండలకు అది మాగి, ఆగస్టు నాటికి అద్దాలు దించకుండా నలభై మైళ్లు పోయినవాడు మా బ్యాచ్‌లో లేడు. ఒంగోలు వాడు అందులో ఇంటర్వ్యూకు వెళ్లొస్తే, అవతలివాళ్లు ‘భోజనం చేసి వచ్చారా’ అని అడిగారట. అప్పటి నుంచి అది సాంబారు బండి. ‘సాంబారు తాళాలు ఎక్కడ?’ ‘సాంబారులో పెట్రోలు ఉందా?’ రెండేళ్లు ఇదే భాష. దాని అసలు పేరుతో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు.

పై జాబితాలో సాంబారు లేదు.

ఆ చెప్పు ఎవరిదా అన్న ఆలోచనలో పడ్డాను. తేరుకుని చూస్తే నలభై సెకన్లు ఉన్నాయి. కంగారులో కామ్రీ నొక్కాను. తప్పింది. మిగతా రెండు ప్రశ్నలూ ఏమడిగాయో కూడా చూడలేదు.

రెండో ప్రయత్నం ఉంటుంది. ఈసారి కనీసం 40 శాతం ప్రశ్నలు మార్చాలని నియమం. అంటే అయిదింట్లో రెండు. చక్కగా రెండే మార్చారు, సాంబారు బండిని అలాగే ఉంచారు. అకార్డ్ నొక్కాను. దానికి తోడు ఏదో వీధి ఏ కౌంటీలో ఉందని అడిగితే దాన్నీ తప్పాను. ఇక 24 గంటల దాకా అదే నోటరీ దగ్గర మళ్లీ కూర్చునే వీల్లేదు. తమాషా ఏమిటంటే, ఆ నోటరీకి నేను స్వయంగా తెలిసినవాడినై ఉంటే ఈ క్విజ్జే అక్కర్లేదట.

మా ఆవిడ తన ఫోనులో యాభై సెకన్లలో ముగించి లేచింది. తనకొచ్చిన ప్రశ్నల్లో ఒకటి నా పాత చిరునామా. గ్రీన్‌కార్డు కాగితాల్లో నేను ఏ నెలలో ఏ ఇంట్లో ఉన్నానో రాసిపెట్టింది తనే మరి.

“ఇద్దరు సాక్షులుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గంటలో అయిపోయేది కదండీ,” అన్నారు కళ్లకు నల్లద్దాలతో మామగారు. “నేనూ ఎదురింటి మాస్టారూ వచ్చి చెబుతాం, మా అల్లుడే అని.”

మర్నాడు రాత్రి గట్టెక్కాను. కార్ల ప్రశ్న రాలేదు. కెమెరా ముందుకొచ్చిన నోటరీ ఎంతో మర్యాదగా “గదిలో మీతో పాటు ఎవరైనా ఉన్నారా?” అని అడిగింది. లేరన్నాను. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మా అత్తగారు, “బాబూ, పొద్దున్నించీ ఏమీ తినలేదు,” అంటూ కొత్తావకాయ కలిపిన అన్నం పళ్లెంతో వచ్చి నా భుజం పక్కన నిలబడ్డారు. ఈ రికార్డింగును నోటరీ ఏళ్ల తరబడి దాచాలి. చట్టం.

ఉండబట్టలేక కూకట్‌పల్లి వాడికి ఫోను చేశాను. వాడిప్పుడు సియాటిల్‌లో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు.

“ఒరేయ్, సాంబారు బండి ఏ కంపెనీదిరా?”

కాసేపు ఆలోచించాడు.

“కంపెనీ గుర్తులేదు కానీ, కుక్కరు నా ఒళ్లో లేదురా, నీ ఒళ్లో ఉంది.”