లక్షా నూట పదహార్ల భాష

తెలుగునాట ఎన్నికల ప్రసంగాలను విశ్లేషించేవారు హామీలను లెక్కిస్తారు, లేదా తిట్లను లెక్కిస్తారు. ఓటరును కట్టిపడేసే శక్తి ఆ రెండింటికన్నా వరుస కలపడంలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. 1982లో పార్టీ పెట్టి చైతన్య రథమెక్కిన ఎన్టీ రామారావు ‘తెలుగింటి ఆడపడుచులు’ అన్నప్పుడు ఎదుట నిలబడిన పౌరురాలు ఆయన ఇంటి పిల్ల అయింది, ఆయన ‘అన్నగారు’ అయ్యారు. తరువాతి తరం నాయకులు ఆ బంధుత్వాన్ని విస్తరించి, పింఛను పంపే పెద్ద కొడుకుగా, బడి పిల్లలకు మేనమామగా ఇంటింటా వెలిశారు.

ఈ భాష వేదిక దిగి ఖజానాలోకి ఎంత లోతుగా వెళ్లిందో చూడాలంటే తెలంగాణలో ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం డబ్బిచ్చే కల్యాణలక్ష్మి పథకం చాలు. 2014లో 51,000 రూపాయలతో మొదలైన ఆ సాయం తరువాత 75,116కు, ఆపైన 1,00,116కు పెరిగింది. ఏ బడ్జెట్ సూత్రం ప్రకారం ఆ చివరి నూట పదహారు వచ్చింది? అది చదివింపుల అంకె. పన్నుల సొమ్ము మేనమామ పెట్టే కట్నం రూపం ధరించి పెళ్లింటికి చేరిందన్నమాట. మన పెళ్లిళ్లలో కట్నాలు రాసే నోటుపుస్తకం ఒకటి ఉంటుంది; ఎవరెంత చదివించారో అందులో పేరుతో సహా నమోదవుతుంది, వారింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ పుట తిరగేసి అంతకు తగ్గకుండా చెల్లించడం మర్యాద. నాయకుడి ఇంట్లో శుభకార్యం అయిదేళ్లకోసారి వస్తుంది. ఓటు వేయమని ఆయన విడిగా అడగనక్కరలేదు, అందుకున్నవారికే మొహమాటం పుడుతుంది. లెక్క అడగడం పౌరుడి పని కావచ్చు గానీ, మేనమామ పెట్టిన దానికి లెక్క అడిగే మేనకోడలు ఎక్కడుంటుంది?

ఓటర్లు అంత అమాయకులు కారనీ, ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎన్నికల ముందు ‘పసుపు-కుంకుమ’ పేరుతో మహిళా సంఘాలకు సొమ్ము పెట్టిన అన్న చంద్రబాబును 23 స్థానాలకు, 2024లో మేనమామ జగన్‌ను 11 స్థానాలకు పరిమితం చేశారనీ కొందరు గుర్తుచేస్తారు. నిజమే. అయితే అక్కడ ఓడింది బంధువే తప్ప బంధుత్వం కాదు. ఖాళీ అయిన పీటమీద మరో అన్న కూర్చున్నాడు.

మొదటి అన్నగారు ఎన్టీఆర్ విషయంలోనే మరో ముచ్చట ఉంది. ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన చట్టం ఆయన పాలనలోనిదే. దేశమంతటికీ అటువంటి సవరణ 2005లో గానీ రాలేదు. ఆ వాటా ఏ అన్న దయమీదా ఆధారపడదు, కోర్టుకెక్కి రాబట్టుకోవచ్చు. అయినా ఆయన పేరు చెప్పగానే జనానికి ముందు గుర్తొచ్చేది కిలో రెండు రూపాయల బియ్యం. హక్కుకు ప్రసంగంలో రుచి లేదు, పెట్టుబోతలకే ఉంది.

ఆ రుచి లేకపోవడానికి సగం బాధ్యత మన పరిపాలనా భాషదే అనిపిస్తుంది. కార్యాలయం నుంచి వచ్చే తెలుగులో ‘తెలియజేయడమైనది’, ‘తిరస్కరించడమైనది’ అని ఉంటుంది. ఎవరు తిరస్కరించారో, ఎందుకో ఆ వాక్యంలో దొరకదు. పథకం కాగితంలో పౌరుడు ‘లబ్ధిదారుడు’ మాత్రమే, ‘హక్కుదారు’ అన్న మాట భూమి తగాదాల దగ్గరే ఆగిపోయింది. ఆ భూమి పత్రాన్ని కూడా వదలలేదు: తాతల నాటి పొలానికి ఇచ్చిన పాసుపుస్తకం మీద ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి బొమ్మ వేశారు, ప్రభుత్వం మారాక దాన్ని తీసి రాజముద్ర వేయవలసి వచ్చింది. ఇంత ముఖం లేని భాష మధ్య ‘అక్కా, చెల్లీ’ అని పిలిచినవాడు గెలవడంలో వింతేముంది? కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణికి వచ్చే మనిషి తనకు చట్టప్రకారం రావలసిన రేషన్ కార్డు కోసం ‘తమరు దయతలచి’ అని అర్జీ రాయించుకుంటాడు; రాసిపెట్టేవాడికి మరో మాట తెలియదు, తీసుకునే అధికారికీ ఆ మాటే అలవాటు.