రాళ్లకు పెట్టిన ఇంటిపేరు

ఏథెన్స్‌లోని పాత గుడి పార్థినాన్ శిల్పాల గొడవ వార్తల్లోకి వచ్చినప్పుడల్లా నాకు ఒక మాట ముల్లులా గుచ్చుకుంటుంది. ఎల్గిన్ మార్బుల్స్! దాదాపు రెండువేల నాలుగొందల ఏళ్ల కిందట ఏథెన్స్ శిల్పులు చెక్కిన రాళ్లవి. పేరు మాత్రం వాటిని ఊడబెరికి ఓడెక్కించిన స్కాట్లండ్ ప్రభువుది. దత్తత వెళ్లిన పిల్లాడికి ఇంటిపేరు మారిందంటే అర్థముంది. ఎత్తుకుపోయిన పిల్లాడికి కూడా మారుస్తారా?

గ్రీసు వాటిని తిరిగి ఇమ్మంటుంది, వాటిని దాచుకున్న లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ఇచ్చేయడానికి వీల్లేదంటూ 1963 నాటి చట్టాన్ని చూపిస్తుంది. కావాలంటే అప్పుగా పంపుతామనే మాట వినిపిస్తుంది. మా వస్తువు మాకు అప్పివ్వడమేమిటని గ్రీసు మండిపడుతుంది. ఇదంతా తెలిసిందే. నేను చెప్పదలచింది ఆ ఎల్గిన్ ప్రభువుల ఇంటి గురించి.

ఎల్గిన్ అనేది బిరుదు, అసలు ఇంటిపేరు బ్రూస్. 1314లో బానక్‌బర్న్ దగ్గర ఇంగ్లండ్ సైన్యాన్ని మట్టికరిపించిన రాబర్ట్ బ్రూస్ తమవాడని చెప్పుకుంటారు. నేరుగా దిగిన సంతానం కాదు, పక్క కొమ్మ. ఆయనదని చెప్పే కత్తి ఒకటి ఫైఫ్‌లోని వాళ్ల బ్రూమ్‌హాల్ భవనంలో ఉంది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు! లండన్ పెత్తనం మాకొద్దని పోరాడిన వీరుడి పేరు చెప్పుకునే ఇల్లే తర్వాత లండన్ కొలువులో చేరి ఊళ్ల మీద పడింది.

ఏడో ఎల్గిన్ ప్రభువు థామస్ బ్రూస్ 1799లో రాయబారిగా ఇస్తాంబుల్ వెళ్లాడు. అప్పటికి ఏథెన్స్ తుర్కుల ఏలుబడిలో ఉంది. 1801 నుంచి ఆయన మనుషులు పార్థినాన్ మీదికెక్కి శిల్పాలు దింపడం మొదలుపెట్టారు. వాటిలో కొన్నిటితో బ్రూమ్‌హాల్‌ని అలంకరించుకోవాలన్నది ఆయన ముచ్చట. అప్పుల్లో మునిగాక 1816లో 35,000 పౌండ్లకు ప్రభుత్వానికి అమ్మేశాడు. తనకైన ఖర్చు అందుకు రెట్టింపని మొత్తుకున్నా వాళ్లు వినలేదు. సుల్తాను కొలువు నుంచి అనుమతి ఉందన్నాడు. దాని అసలు ప్రతి దొరకలేదు, మిగిలింది ఒక ఇటాలియన్ అనువాదం. అసలు దస్తావేజు లేకుండా అనువాదం పట్టుకుని మన తహసీల్దారు ఆఫీసుకి వెళ్లి చూడండి, ఏమంటారో!

దీనికి సమర్థన ఒకటే: ఆయన తేకపోతే ఆ రాళ్లు నాశనమయ్యేవి, కళను కాపాడాడు. సరే, కాసేపు నమ్ముదాం. 44 ఏళ్లు ముందుకు రండి. 1860 అక్టోబర్, బీజింగ్. చైనా మీద బ్రిటన్, ఫ్రాన్స్‌లు చేసిన రెండో నల్లమందు యుద్ధం రోజులు. ఎనిమిదో ఎల్గిన్ జేమ్స్ బ్రూస్, థామస్ కొడుకే, చైనా చక్రవర్తుల వేసవి విడిది యువాన్‌మింగ్‌యువాన్‌ను తగలబెట్టమని హుకుం జారీ చేశాడు. చర్చలకు వెళ్లిన తమవాళ్లను చైనా పట్టుకుని హింసించిందని, పలువురు చనిపోయారని కారణం చెప్పాడు. నిజమే, చనిపోయారు. దానికి తోటలు, మందిరాలు, పుస్తకాలు ఏం చేశాయి? అప్పటికే ఫ్రెంచి, బ్రిటిష్ సైనికులు అక్కడ దొరికింది దొరికినట్టు దోచుకున్నారు. అక్కడ దొరికిన ఒక బుజ్జి కుక్కని విక్టోరియా రాణికి కానుకిచ్చారు. దానికి పెట్టిన పేరు లూటీ. మన దేశపు మాటే! సిగ్గు పడలేదు సరికదా, ముద్దుగా పిలుచుకున్నారు.

తండ్రిది కళ మీద ప్రేమైతే కొడుకుది ఏమిటి? నాకు రెండు పనులూ ఒకటే. ఈ వస్తువు ఉండాలో, పోవాలో, ఎక్కడ ఉండాలో చెప్పే హక్కు మాదేనన్న ధీమా. తండ్రి ఆ ధీమాతో మోసుకుపోయాడు, కొడుకు తగలబెట్టాడు.

జేమ్స్ బ్రూస్‌కి మంచి పేరూ ఉంది. కెనడా గవర్నర్ జనరల్‌గా 1849లో అక్కడి చట్టసభ మాటకు కట్టుబడి ఒక బిల్లుపై సంతకం పెట్టాడు. అది నచ్చని గుంపు మాంట్రియల్‌లో ఆయన బండి మీద కోడిగుడ్లు విసిరింది, పార్లమెంటు భవనాన్ని తగలబెట్టింది. అయినా ఆయన బెదరలేదు. కాదనను. కెనడాలో తెల్లవాళ్ల చట్టసభకు దక్కిన ఆ మర్యాద బీజింగ్‌కు ఎందుకు దక్కలేదన్నదే నా ప్రశ్న.

ఆయన కొడుకు విక్టర్ బ్రూస్, తొమ్మిదో ఎల్గిన్, 1894 నుంచి 1899 దాకా మన వైస్రాయ్. ఒకపక్క కరవు, మరోపక్క బొంబాయిలో ప్లేగు. ఆయన హయాంలోనే 1897 అంటువ్యాధుల చట్టం వచ్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలూ నిబంధనలు తెచ్చింది ఆ చట్టం కిందే.

ఇక మన సంగతి. బ్రిటిష్ మ్యూజియంలోనే మన అమరావతి స్తూపం రాళ్లున్నాయి. వాటికీ ఓ పేరు తగిలించారు, ఎలియట్ మార్బుల్స్. మద్రాసు కొలువులో పనిచేసిన వాల్టర్ ఎలియట్ కూడా స్కాట్లండ్ వాడే, 1845లో ఆ స్తూపం దిబ్బ దీపాలదిన్నెను తవ్వించాడు. మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? అంతకుముందే ఆ దిబ్బను ఇళ్లకు రాయి కోసం పెళ్లగించారు, సున్నపురాతి శిల్పాలను సున్నానికి కాల్చారు. అయితే కాపాడతామన్నవాళ్లు చేసిందేమిటి? ఆ రాళ్లను మద్రాసులో ఏళ్ల తరబడి ఎండకూ వానకూ వదిలేశారు. 1859లో లండన్‌కు పంపారు. అక్కడ అవి కొన్నాళ్లు గుర్రబ్బండ్ల కొట్టంలో పడి ఉన్నాయి. 1880లో గానీ మ్యూజియం గడప తొక్కలేదు. గ్రీసు అడిగినంత గట్టిగా మనం ఎప్పుడైనా అడిగామా?

అన్నట్టు ఎనిమిదో ఎల్గిన్ కూడా వైస్రాయ్‌గా వచ్చి, 1863లో ధర్మశాలలో చనిపోయాడు. దేవదారు చెట్ల మధ్య చర్చి ఆవరణలో సమాధి ఉంది. మన పురావస్తు శాఖ దాన్ని రక్షిత కట్టడంగా చూసుకుంటోంది. ఉన్నచోటే, ఆయన పేరుతోనే.