ఆ ఏడు రోజుల పాల నష్టం ఎవరిది?

పొదుగువాపు సోకిన గేదె పాలలో ముందుగా సన్నని తునకలు కనిపిస్తాయి. పొదుగు గట్టిపడి వేడెక్కుతుంది. చెయ్యి వేయబోతే పశువు కాలు ఝాడిస్తుంది. డాక్టరు వచ్చేసరికి తెల్లారుతుందనుకున్న రైతు మందుల దుకాణానికి వెళ్లి, కిందటిసారి పనిచేసిన సూదిమందు పేరే చెప్పి తెచ్చుకుంటాడు. రెండు సూదులకు వాపు తగ్గిందంటే మూడోది వేయించడు. తేటగా ఉన్న పాలు ఆ పూటే పాలకేంద్రానికి చేరతాయి. తునకలున్న పాలు పారబోయడానికి మనసొప్పక దూడకు పట్టిస్తారు. మందులకు లొంగని బ్యాక్టీరియా మన పాడి ఊళ్లలో బలం పుంజుకుంటున్నది ఇలాగే.

దీనికి నిబంధన లేకపోలేదు. పశువుకు మందు ఇచ్చాక ఎన్ని రోజుల పాటు దాని పాలు వాడకూడదో లేబుల్ మీద ముద్రించాలని 2012లోనే కేంద్రం ఔషధ నియమాలను సవరించింది. ప్రత్యేకంగా గడువు చెప్పని మందులకు పాల విషయంలో కనీసం 7 రోజులు ఆగాలి. రోజుకు 8 లీటర్లిచ్చే గేదె ఉన్న ఇంట్లో, లీటరు 50 రూపాయల చొప్పున, ఆ 7 రోజుల విలువ 2,800 రూపాయలు. మందు ఖర్చు దీనికి అదనం. ఆ వారం దాణా ఆపలేరు, గేదెను కొన్న అప్పు వాయిదా ఆగదు. పశు బీమా ప్రధానంగా పశువు చనిపోయినప్పుడు ఆదుకునేదే తప్ప, జబ్బు రోజుల్లో పోయిన పాలకు పరిహారం ఇవ్వదు. వినియోగదారుడి ఆరోగ్యం కోసం పారబోయాల్సిన పాల నష్టాన్ని మొత్తంగా ఒకటి రెండు పశువుల రైతు నెత్తిన వేసి, నిబంధన పాటించలేదని అతణ్ణే తప్పుపట్టడం అన్యాయం. ఆ నష్టంలో డెయిరీలు, ప్రభుత్వం వాటా పంచుకోనంత కాలం ఆ 7 రోజుల గడువు సీసా మీది అక్షరాలకే పరిమితమవుతుంది.

మనం పాలు కాచే తాగుతాం, ఇక భయమేమిటని చాలామంది అనుకుంటారు. కాచితే బ్యాక్టీరియా చస్తుంది, నిజమే. మందు అవశేషాలు మాత్రం ఆ వేడికి పూర్తిగా పోవు. తోడు వేసిన పాలు ఒక్కోసారి పెరుగు కాకుండా ఉండిపోవడానికి పాలలో మిగిలిన యాంటీబయాటిక్ కూడా కారణం కావచ్చు. తోడులోని మేలు చేసే బ్యాక్టీరియాను అది ఎదగనివ్వదు. పైగా మొండి బ్యాక్టీరియా పాలగిన్నెలోంచి మాత్రమే రావాలని లేదు. పాలు పిండే చేతుల మీదుగా, పేడ మీదుగా, పొలానికి తోలిన ఎరువు మీదుగా, చెరువులో కలిసే కొట్టం కడుగునీటి మీదుగా అది మనుషుల్లోకి వస్తుంది. మందు కలిసిన పాలు తాగిన దూడ కడుపులోనూ అదే పెరుగుతుంది.

ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018లో దేశవ్యాప్తంగా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే, 77 నమూనాల్లో యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితి దాటి ఉన్నాయి. శాతం లెక్కన చూస్తే ఇది చిన్న సంఖ్యే. కానీ ఒక జబ్బు గేదె పాలు వందల లీటర్లలో కలిసిపోతే పరీక్షకు దొరకవు, కొట్టంలో పుట్టిన మొండి బ్యాక్టీరియా మాత్రం అక్కడే ఉంటుంది. పశువులకూ మనుషులకూ మధ్య ఈ మొండి బ్యాక్టీరియా రాకపోకలు రెండు వైపులా సాగుతాయనడానికి మన దేశంలోనే రుజువుంది. కార్బపెనెమ్‌లు ఆసుపత్రుల్లో ప్రాణాపాయంలో ఉన్న రోగులకు ఆఖరి అస్త్రంగా వాడే మందులు, పశువులకు వాడేవి కావు. వాటినీ ఓడించే ఎన్‌డీఎమ్ జన్యువు పొదుగువాపు పాలలోని ఈ.కోలి బ్యాక్టీరియాలో కనిపించిందని మన శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించారు. మనుషుల నుంచి, మురుగు నుంచి పశువు దాకా చేరింది తిరిగి మనుషుల దాకా రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12.7 లక్షల మంది మరణించారని అంచనా.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల సంస్థ లెడర్లీ పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలోనే టెట్రాసైక్లిన్ కుటుంబపు తొలి యాంటీబయాటిక్ అయిన ఔరియోమైసిన్ వెలుగుచూసి, 1948లో లోకానికి అందింది. ఆ కుటుంబంలోని ఆక్సీటెట్రాసైక్లిన్ ఇప్పటికీ మన పశువైద్యంలో నిత్యం వాడే మందు. అలాంటి మందును సగం మోతాదులతో మొద్దుబార్చుకుంటున్నామంటే బాధ కలుగుతుంది.

జబ్బు రాకుండా చూసుకుంటే సూదితో పనే తక్కువ. మొదటి ధార నల్లగుడ్డ మీద పిండి తునకలున్నాయేమో చూడటం, పిండాక చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచడం, చన్నుల రంధ్రాలు మూసుకునేదాకా, అంటే సుమారు అరగంట, పశువు పడుకోకుండా మేత వేయడం పెద్ద ఖర్చు లేని పనులు. తొలిదశ పొదుగువాపుకు 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరిన ముద్దను జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి కొన్నేళ్లుగా ప్రచారం చేస్తోంది. జ్వరం వచ్చి మేత మానేసిన పశువుకు మాత్రం డాక్టరు చూసి రాసిన మందు, పూర్తి రోజులు వాడాల్సిందే. అందుకు 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం సాయంత్రం పాలు పిండే వేళకూ అందుబాటులో ఉండాలి.

మనుషులకు ఆఖరి అస్త్రంగా వాడే మరో యాంటీబయాటిక్ కొలిస్టిన్‌ను ఆహార పశువులకు వాడకుండా 2019లో నిషేధించిన కేంద్రం ఇప్పుడు డబ్బు విషయంలోనూ తెగువ చూపాలి. పాలకేంద్రంలో వెన్న శాతం చూసినట్లే, పాలను చల్లబరిచే కేంద్రాల్లో అవశేషాల పరీక్షనూ డెయిరీల సొంత ఖర్చుతో తప్పనిసరి చేయాలి. ఫలానా గేదెకు మందు పెట్టామని ముందుగా చెప్పిన రైతుకు, డాక్టరు చీటీ చూసి, గడువు ముగిసేదాకా పోయిన పాల ధరలో కనీసం సగం చెల్లించాలి. ఆ సొమ్ముకు డెయిరీలు, రెండు తెలుగు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు కలిసి నిధి ఏర్పాటు చేయాలి. మందు సంగతి దాచిపెట్టి పోసిన పాలు పరీక్షలో దొరికితే జరిమానా వేయాలన్న మాట ఆ నిధి మొదలయ్యాకే ఎత్తాలి.