గోడకి రోజూ 500 సార్లు కొడితే పాసింగ్ వచ్చేస్తుందా? రాదు బాబూ

వాలీబాల్ వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి ఈపాటికి ఆ మెసేజ్ వచ్చే ఉంటుంది, నాకైతే మూడు గ్రూపుల్లో వచ్చింది. గ్రౌండ్ అక్కర్లేదు, కోచ్ అక్కర్లేదు, ఇంట్లో గోడకి రోజుకి 500 అండర్ హ్యాండ్లు (ముంజేతులు కలిపి కింద నుంచి బాల్ తీయడం) కొట్టండి, 21 రోజుల్లో లిబరో (వెనక లైన్ లో బాల్ తీసే స్పెషలిస్టు) లెవెల్ పాసింగ్, అంటే ఎదుటివాళ్ళ సర్వీస్ తీసి మనవాళ్ళకి అందించడం, వచ్చేస్తుందని. కింద టిప్స్ కూడా ఉన్నాయి: చేతులు గట్టిగా ఊపాలట, చేతులు ఎర్రబడితేనే ప్రాక్టీస్ చేసినట్టట, బాస్కెట్ బాల్ తో చేస్తే ఇంకా మంచిదట, రిసీవ్ లో, అంటే సర్వీస్ తీసేటప్పుడు, వేళ్ళు వాడితే ఫౌల్ కాబట్టి అండర్ హ్యాండ్ ఒక్కటి వస్తే చాలట.

మా పిన్ని కొడుకు పదో తరగతి. ఇది చూసి వాళ్ళ అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్ లో మొదలుపెట్టాడు, నెల రోజులు నిజంగానే చేశాడు పాపం, గోడ దగ్గర నిలబెడితే బాల్ కింద పడకుండా 80, 90 కొట్టేస్తాడు. సెలవులకి ఊరొచ్చి మాతోపాటు పొద్దున్నే గ్రౌండ్ లో దిగాడు. మొదటి సర్వీస్, పెద్ద స్పీడేం లేదు, మామూలుదే, వాడి చేతికి తగిలి వెనకాల కొబ్బరిచెట్ల దాకా పోయింది. రెండోది కూడా అంతే. మూడోదానికి వాడే పక్కకి తప్పుకున్నాడు. "అన్నయ్యా, గోడకి బాగానే వస్తుంది కదా" అంటాడు మొహం చిన్నబుచ్చుకుని. గోడకి వస్తుందిరా, ఎందుకు రాదు, నెల రోజుల్నుంచి నువ్వు ఆడింది గోడతోనే కదా.

సరే, ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు ఈ 500 లెక్క. గోడకి రెండు మీటర్ల దూరంలో నిలబడతాం, బాల్ ఎటు పోవాలో కొట్టేది మనమే, కాబట్టి అది తిరిగి ఎక్కడికొస్తుందో కొట్టకముందే తెలుసు. కాళ్ళు కదిలే పనే ఉండదు. కోర్ట్ లో ఏం జరుగుతుందంటే సర్వీస్ చేసేవాడు ఎండ్ లైన్ వెనక, అంటే నెట్ కి 9 మీటర్ల అవతల, మనం నెట్ కి ఇవతల ఆరేడు మీటర్ల దగ్గర, మధ్యలో 15, 16 మీటర్లు. గంటకి 60 కిలోమీటర్ల స్పీడుతో వచ్చే బాల్ కి అది దాదాపు ఒక సెకను. ఆ సెకనులో వాడి చేతి నుంచి బాల్ ఎటు బయల్దేరిందో చూడాలి, ముందా వెనకా తేల్చుకోవాలి, రెండడుగులు వేసి ఆగాలి, అప్పుడు చేతులు కలపాలి. ఇందులో గోడ నేర్పేది చివరి ముక్క ఒక్కటే. పైగా ఫ్లోటింగ్ సర్వీస్ అయితే బాల్ తిరక్కుండా గాల్లో ఊగుతూ వస్తుంది, అది ఏ గోడా వెయ్యలేదు. రిసీవ్ పాడవడానికి నేను చూసినంతలో చేతులకంటే కాళ్ళే ఎక్కువ కారణం, బాల్ దగ్గరికి ఆలస్యంగా వెళ్ళి, పరిగెడుతూనే చేతులు చాపేస్తారు.

గోడ దండగ అనట్లేదు. కొట్టే 500 లో 100 తీసేసి, వాటి బదులు ఇంట్లో ఎవర్నైనా బతిమాలి డాబా మీద నాలుగైదు మీటర్ల నుంచి బాల్ విసిరించుకోండి, చెప్పకుండా ఓసారి ముందుకి ఓసారి పక్కకి విసరమనండి, మీ పక్కన ఓ మూలకి బట్టల బుట్ట పెట్టుకుని పాస్ అందులోకి పంపడానికి చూడండి. మా అమ్మ విసిరేది నాకు, మధ్యలో కుక్కర్ విజిల్ వస్తే బాల్ చేతిలో పట్టుకునే కిందకి పోయేది. అయినా సరే గోడకంటే మా అమ్మే మేలు, ఎందుకంటే ఎటు విసురుతుందో ఆమెకే తెలీదు.

రెండోది, చేతులు ఊపడం. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. క్యారమ్స్ ఆడారు కదా, స్ట్రైకర్ అంచుకి తగిలి ఎలా తిరిగొస్తుంది? అంచు ఎగిరి కొడుతుందా? పాసింగ్ కూడా అంతే, వేగంగా వచ్చే సర్వీస్ కి దాని వేగమే చాలు, మనం చెయ్యాల్సిందల్లా రెండు ముంజేతులు కలిపి చదునుగా ఒక పలకలా పెట్టి, ఆ పలక మొహం సెట్టర్ వైపు (స్మాష్ కొట్టేవాడికి బాల్ ఎత్తి ఇచ్చేవాడు, మా ఊళ్ళో బూస్టర్ అంటాం) తిప్పి ఉంచడం. ఊపితే పలక వంపు మారుతూ ఉంటుంది, తగిలిన క్షణంలో ఎటు చూస్తుంటే అటే పోతుంది బాల్. మా తమ్ముడి బాల్ కొబ్బరిచెట్లలోకి పోయింది అందుకే, గోడకి బాల్ ఎత్తుగా పంపాలని చేతులు భుజాల పైదాకా లేపడం అలవాటైపోయింది. మెల్లగా పైనుంచి పడే బాల్ కి కొంచెం ఎత్తు కావాలి నిజమే, అది మోకాళ్ళు, భుజాల నుంచి రావాలి, మోచేతులు మడిచి కాదు.

దీనికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. బాల్ కి ముగ్గుపిండి రాయండి, పొడిగానే. ఒకళ్ళని విసరమని పది పాస్ లు చేసి చేతులు చూసుకోండి. తెల్లటి మరక మణికట్టుకి కాస్త పైన, కండ ఉన్న చోట, రెండు చేతుల మీదా ఒకే ఎత్తులో ఉండాలి. మావాడికి ఏమైందంటే ఎడమ చేతికి మణికట్టు ఎముక దగ్గర, కుడి చేతికి దాదాపు మోచెయ్యి దగ్గర పడింది, అంటే ఒక భుజం కిందకి వాలిపోయి చేతులు మెలికపడి ఉన్నాయన్నమాట, నెల రోజుల్లో 15 వేల సార్లు అదే మెలిక ప్రాక్టీస్ చేశాడు వాడు. తర్వాత ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చోబెట్టి చేయించాం. కూర్చుంటే లేచి ఊగడానికి ఉండదు, పలక ఎటు తిరిగిందో కళ్ళకి కనిపిస్తుంది. ఓ ఇరవై చేశాక "ఇంత మెల్లగానా" అన్నాడు. అంత మెల్లగానే.

మూడోది ఎర్రబడటం. కొత్తలో నాలుగు రోజులు అందరికీ ఎర్రబడతాయి, తర్వాత తగ్గిపోతుంది, దానికీ పాసింగ్ కీ సంబంధం లేదు. బొటనవేలి మొదలు దగ్గర నొప్పి, వేళ్ళు తిమ్మిరి వస్తున్నాయంటే మాత్రం బాల్ తప్పు చోట తగులుతున్నట్టే, ఆపి ముగ్గుపిండి తియ్యండి.

నాలుగోది బాస్కెట్ బాల్. వాలీబాల్ బరువు 260 నుంచి 280 గ్రాములు, మగవాళ్ళ బాస్కెట్ బాల్ దానికి రెట్టింపు పైనే, చుట్టుకొలత కూడా ఎక్కువ, వాలీబాల్ 65-67 సెంటీమీటర్లే. దాంతో అలవాటైన చెయ్యి అసలు బాల్ ని ఎక్కడికో పంపిస్తుంది, మణికట్టు పోతే అదనం. దానికంటే ఉన్న బాల్ లో గాలి చూసుకోండి, రూల్ ప్రకారం చదరపు సెంటీమీటర్ కి 0.30 నుంచి 0.325 కిలోలు, మనవాళ్ళు సైకిల్ షాపులో కొట్టించి రాయిలా చేసుకొస్తారు, చేతులు ఎర్రబడటానికి సగం కారణం అదే.

ఇక వేళ్ళతో తీస్తే ఫౌల్ అనేది. ఇది ఊళ్ళల్లో పాతకాలం నుంచీ ఉన్న నమ్మకమే, ఫార్వర్డ్ చేసినోడిని అనలేం. రూల్ ఏంటంటే టీం మొదటి టచ్ లో, ఒకే ఊపులో బాల్ రెండు చేతుల వేళ్ళకి ఒకదాని తర్వాత ఒకటిగా తగిలినా డబుల్ (ఒక్కడే రెండుసార్లు కొట్టిన ఫౌల్) కాదు, పట్టుకుని విసిరినట్టుంటేనే ఫౌల్. మొహం ఎత్తున వచ్చే ఫ్లోటింగ్ సర్వీస్ ని పెద్ద మ్యాచుల్లో వేళ్ళతోనే తీస్తారు చాలామంది. ఇది ఇంట్లో చాలా తేలిగ్గా అయ్యే ప్రాక్టీస్ కూడా, మంచం మీద వెల్లకిలా పడుకుని నుదుటికి పైన వేళ్ళతో సీలింగ్ వైపు పంపుతూ ఉండటమే, ఫ్యాన్ ఆపుకోండి ముందు.

అన్నట్టు లిబరో లెవెల్ అనే మాట గురించి. లిబరోని 1998 నుంచి అంతర్జాతీయ మ్యాచుల్లోకి తెచ్చారు, వేరే రంగు జెర్సీ వేసుకుని వెనక లైన్ లోనే ఆడతాడు, టీం మొత్తంలో ఎదురొచ్చే సర్వీస్ ని అందరికంటే బాగా పసిగట్టేవాడికి ఇచ్చే పని అది. పార్కింగ్ లో ఒక్కడే నిలబడి 21 రోజుల్లో అదెలా అవుతాడో ఫార్వర్డ్ చేసినవాళ్ళే చెప్పాలి.

మావాడు ఇప్పుడు పొద్దున పావుగంట స్టూల్, సాయంత్రం పిన్ని విసిరితే బట్టల బుట్ట. ఆదివారం వీడియో పెట్టాడు, మరకలు రెండు చేతుల మీదా ఒకే ఎత్తులో ఉన్నాయి. పార్కింగ్ నిండా ముగ్గుపిండి ఏంటని వాచ్‌మన్ గొడవ చేస్తున్నాడంట.